శిఖం అంచున పట్టెతల బాతును గమనించే పద్ధతి

చలికాలంలో మన జలాశయాలకు వలస వచ్చే బార్ హెడెడ్ గూస్‌ను, అంటే తలపై నల్లపట్టెలున్న పెద్ద బాతును చూడదలచినవారు నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, నీరు తీసి శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, లేత గడ్డి మొలిచిన చోటికి వెళ్లాలి. ఇది ప్రధానంగా గడ్డి మేసే పక్షి. నలువైపులా దూరం కనబడితేనే నిశ్చింతగా మేస్తుంది. కాబట్టి తెలంగాణలో అడవి కమ్ముకున్న లక్నవరం చెరువు కంటే పోచారం, శ్రీరాంసాగర్ వంటి చోట్ల బయలుగా ఉండే ఒడ్డులు అనువైనవి.

తెల్లని తల వెనుక అడ్డంగా రెండు నల్లపట్టెలు, పసుపు ముక్కు, నారింజ రంగు కాళ్లు, లేత బూడిద రంగు ఒళ్లు దీని గుర్తులు. ఆ ఏడు పుట్టిన పిల్లలకు పట్టెలుండవు. అవి తల్లిదండ్రులతో కలిసే తిరుగుతాయి గనుక పక్కనున్న పెద్దవాటిని చూసి పోల్చుకోవచ్చు.

మంగోలియా, టిబెట్, లడఖ్ ఎత్తైన సరస్సుల వద్ద గుడ్లు పెట్టే ఈ పక్షి హిమాలయాలను దాటి వస్తుంది. ఉపగ్రహ పరికరాలు అమర్చిన పక్షుల్లో ఒకటి 7,290 మీటర్ల ఎత్తును అందుకుంది. అయితే అవి చాలావరకు నేల తీరును అనుసరించి అంతకన్నా తక్కువ ఎత్తులోనే, గాలి చల్లగా, చిక్కగా ఉండే రాత్రివేళో తెల్లవారుజామునో ప్రయాణిస్తాయి. పలుచని గాలిలోనూ ప్రాణవాయువును గట్టిగా పట్టుకునే హిమోగ్లోబిన్ వాటికి తోడ్పడుతుంది. తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును ఇక్కడి మేతతోనే కూడబెట్టుకోవాలి. అందుకే మేత చెడగొట్టకుండా చూడటమే ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

పొద్దున్నే సూర్యుడు మీ వెనుక ఉండేలా, తుమ్మచెట్టు చాటునో కట్ట మీదనో కూర్చుని బైనాక్యులర్‌తో చూడండి. మేస్తున్న గుంపులో ఒకటి రెండు మెడలు నిక్కి ఉండటం మామూలే. వరుసగా అన్నీ మెడలెత్తి, గడ్డి కొరకడం మానేశాయంటే మీరు దగ్గరికి వచ్చేశారని అర్థం, వెంటనే మెల్లగా వెనక్కి తగ్గాలి. డ్రోన్ ఎగరేయడం, ఫొటో కోసం గుంపును లేపడం అసలే తగదు. చచ్చిన పక్షి కనిపిస్తే ముట్టకుండా అటవీ సిబ్బందికి చెప్పండి. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు వద్ద బర్డ్ ఫ్లూతో ఈ జాతి పక్షులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి.

మంగోలియాలో గుర్తింపు కోసం మెడపట్టీలు వేసిన బాతులు దక్షిణ భారతంలో కనబడిన సందర్భాలున్నాయి. అలాంటిది కంటబడితే పట్టీ రంగు, దానిపై అక్షరాలు, తేదీ, చెరువు పేరు రాసుకుని, పక్షులను చూసిన వివరాలు చేర్చే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేయండి.