తొలకరిలో నత్తల కోసం వెళ్తున్నారా? ముందు చెయ్యి సంగతి చూసుకోండి

తొలకరి పడింది. కోనసీమ కొబ్బరి, కోకో తోటల్లోకి, లంకల్లోకి, కొందరైతే మారేడుమిల్లి అడవి దాకా నత్తల ఫోటోలకి బయల్దేరుతున్నారు. డెల్టా ఊళ్ల నుంచి పాముకాటు వార్తలు ఎక్కువయ్యేదీ ఈ రోజుల్లోనే. ఈ రెండూ ఒకే చోట కలుస్తాయి. టార్చి, బూట్లు, దోమల మందు గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒకటుంది: కంటికి కనబడని చోట చెయ్యి పెట్టొద్దు.

చెయ్యి సంగతి

నత్తకి తడి, నీడ, కుళ్లే ఆకు కావాలి. అవి ఉన్నచోటికి కప్పలు, ఎలుకలు వస్తాయి, వాటి వెనకే పాము వస్తుంది. కొబ్బరి డొక్కల గుట్ట, మట్టల పోగు, కోకో చెట్ల కింద మందంగా పరుచుకున్న ఆకు, పుచ్చిన దుంగ, అన్నీ అంతే. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోతుంది, బుస కొట్టేదాకా ఉన్నట్టే తెలీదు. కట్లపాము తిరిగేది రాత్రి. మనం వెళ్లేదీ వాన వెలిసిన రాత్రే.

కొంప ముంచే తప్పు ఇది: దుంగ అంచు కింద నాలుగు వేళ్లు దూర్చి పైకి లేపడం. వేళ్లు లోపల, కళ్లు బయట. చెయ్యికి బదులు మూడడుగుల ఇనప కొక్కెం వాడండి. దుంగకి ఇవతల నిలబడి, అవతలి అంచుకి కొక్కెం తగిలించి మీ వైపుకి దొర్లించండి. అప్పుడు కింద ఏమున్నా దానికీ మీకూ మధ్య దుంగ అడ్డుంటుంది, అవతలి పక్క నుంచి అది దాని దారిన పోతుంది. అటువైపు నెట్టారో, సందు తెరుచుకునేది మీ కాళ్ల దగ్గరే. చూడటం అయ్యాక దుంగని ఎలా ఉందో అలాగే వెయ్యండి, కింద నత్త గుడ్లుంటాయి. తోలు తొడుగులు వేసుకున్నామని చెయ్యి పెట్టేవాళ్లున్నారు. పింజర కోరల పొడవు వాళ్లకి తెలిసినట్టు లేదు.

నత్త సంగతి

పొడవాటి శంఖం లాంటి పెంకు, గోధుమ రంగు మీద నిలువు చారలు ఉంటే ఆఫ్రికా నత్త. 1847లో మారిషస్ నుంచి కలకత్తాకి తెచ్చి వదిలితే దేశమంతా పాకింది. పెంకు లేకుండా నల్లగా, బల్లపరుపుగా, వీపు మధ్య సన్నటి లేత గీతతో ఉండేది తోలు నత్త. వరిచేల గుల్లకి మూత ఉంటుంది, ఈ రెండింటికీ ఉండదు. పోల్చుకోడానికి మూడు ఫోటోలు చాలు: పెంకు కొన పైకి, పెంకు నోరు మనవైపు ఉండేలా ఒకటి, పైనుంచి ఒకటి, అడుగున బొడ్డు (చుట్టల మధ్య గుంట) కనబడేలా ఒకటి. కొలతకి స్కేలు ముక్క పెట్టండి. రూపాయి బిళ్ల వద్దు, 2019 బిళ్ల 20 మిల్లీమీటర్లు, దాని ముందుది 22.

నత్తని తిప్పాలంటే పట్టకారు, లేదా రబ్బరు తొడుగు. ఎలుక ఊపిరితిత్తుల పురుగు పిల్లలు నత్తలో, తోలు నత్తలో ఉంటాయి. అవి మన కడుపులోకి పోతే మెదడు పొరలు వాస్తాయి. 2010లో సిడ్నీలో పందేనికి ఇలాంటి పెంకు లేని నత్తని మింగిన 19 ఏళ్ల కుర్రాడు కోమాలోకి పోయి, లేచినా కాళ్లూ చేతులూ స్వాధీనంలోకి రాక, 2018లో చనిపోయాడు.

ఇక మిగతావి:

నత్తల డబ్బా, తిండి డబ్బా ఒకే సంచిలో పెట్టొద్దు.
సబ్బుతో కడగని చేత్తో బొండం కూడా తాగొద్దు.
బతికున్న ఆఫ్రికా నత్తని ఇంటికి తేవొద్దు. ఒక్కటే అయినా వందల గుడ్లు పెడుతుంది.
నత్తల మందు గుళికలు చల్లిన తోటలోకి కుక్కని తీసుకెళ్లొద్దు. తింటే చస్తుంది.
రొయ్యల చెరువు గట్టు మీద వైరు కనబడితే దాటొద్దు, వెనక్కి తిరగండి.
గాలి వేస్తుంటే కొబ్బరి చెట్టు కింద నిలబడొద్దు.
కోరింగ మడ అడవిలో పోటు వేళ తెలుసుకోకుండా బురదలోకి దిగొద్దు.
అభయారణ్యంలో అనుమతి లేకుండా ఏదీ ఏరొద్దు, ఖాళీ పెంకు కూడా.
చెట్టు తొర్రలో చెయ్యి పెట్టొద్దు. గట్టు బొరియలోనూ వద్దు. ఫోను జారి ఆకుల్లో పడినా చెయ్యి పెట్టొద్దు, కొక్కెంతో లాగండి.
కాటు పడితే కొయ్యొద్దు, పీల్చొద్దు, తాడుతో బిగించొద్దు, మంత్రాలాయన దగ్గరికి పోవద్దు. ఆ చెయ్యి కదపకుండా 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి పొండి.
నొప్పి లేదని ఇంటికెళ్లి పడుకోవద్దు. కట్లపాము కాటుకి నొప్పీ వాపూ లేకపోవచ్చు, ముందు రెప్పలు వాలతాయి.
వెళ్లొచ్చిన మూడు వారాల్లోపు విపరీతమైన తలనొప్పి, మెడ పట్టెయ్యడం, ఒంటి మీద సూదులు గుచ్చినట్టుండడం మొదలైతే డాక్టరుకి నత్తలు ముట్టుకున్న సంగతి మీరే చెప్పండి. ఆయన అడగరు.