18 నిండిన ఆటిజం బిడ్డకు గార్డియన్‌షిప్: దరఖాస్తు విధానం

బిడ్డకు 18 నిండితే చట్టం లెక్కలో అమ్మానాన్నలు ఇక సహజ సంరక్షకులు కారు. చాలామందికి ఈ సంగతి బ్యాంకు కౌంటర్ దగ్గరే తెలుస్తుంది. మేజర్ అయ్యాడు కాబట్టి ఖాతాకు సంతకం పెట్టమంటారు, అబ్బాయేమో పెన్నే పట్టడు.

దీనికి కోర్టు మెట్లెక్కనక్కర్లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీయే గార్డియన్‌ను నియమిస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికే ఇది వర్తిస్తుంది.

తల్లిదండ్రులిద్దరూ కలిసి ఫారం-ఎ నింపాలి. ఒకరు లేకపోతే, విడిపోయి ఉంటే రెండోవారు ఒక్కరే పెట్టుకోవచ్చు, రుజువు జతచేయాలి. ఇద్దరూ లేకపోతే తోబుట్టువులు. చెల్లెలికి అన్న గార్డియన్ కావాలంటే వదిన కూడా సహ గార్డియన్‌గా ఉండాలి, పెళ్లికాని అన్నకు ఇవ్వరు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు, వయసు, చిరునామా రుజువులు, ఫొటోలు, గార్డియన్ సమ్మతి, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. చిన్నప్పుడు తీసిన తాత్కాలిక సర్టిఫికెట్ గడువు దాటిందేమో ముందే చూసుకోండి. ఆధార్‌లో ఒక పేరు, సదరంలో ఇంకో పేరు ఉంటే అది సరిచేయించాకే కదలండి.

అసలు చిక్కు దరఖాస్తులో ‘గార్డియన్ ఎందుకు’ అన్న చోట వస్తుంది. ‘బాగోగులు చూసుకోవడానికి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. గార్డియన్ అవసరమా, ఏ పనులకు అవసరం అన్న రెండూ కమిటీ తేల్చాలి. కాబట్టి పింఛను ఖాతా నడపడం, తాత ఇచ్చిన అరెకరం కౌలు వసూలు, ఆపరేషన్‌కు సమ్మతి అని విడివిడిగా రాయండి. అన్నం తానే తింటాడు, బట్టలు వేసుకుంటాడు, కానీ అడిగినవాడికల్లా 500 నోటు ఇచ్చేస్తాడు అంటే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. వచ్చిన పనిని రాదని మాత్రం రాయకండి. కమిటీ ముందు అదే పని చక్కగా చేసి చూపించాడంటే మీ మాటకు విలువ పోతుంది. ఆ రోజు జనం, గోల పడనివాళ్లకు హెడ్‌ఫోన్లు తీసుకెళ్లండి.

ఉత్తర్వు ఫారం-బిలో వస్తుంది. అది బీరువాలో పెట్టి మరచిపోయే కాగితం కాదు. నియమించిన తేదీ నుంచి 6 నెలల్లో బిడ్డ ఆస్తి, అప్పుల జాబితా ఫారం-సిలో ఇవ్వాలి. ఆ తర్వాత ఏటా జూన్ 30లోపు గడిచిన ఆర్థిక సంవత్సరం జమాఖర్చులు ఫారం-డిలో ఇవ్వాలి. బిడ్డ డబ్బు మీ ఖాతాలో కలిపేస్తే ఈ లెక్క తేలదు, ఖాతా విడిగా ఉంచండి.

ఉత్తర్వు చూపించినా కోర్టు ఆర్డరే తెమ్మని బ్యాంకు అంటే, కమిటీ ఇచ్చిన గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ చెల్లుతుందని 2007లోనే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చెప్పిందని మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.