రేసులు మానేసిన థరోబ్రెడ్ గుర్రం బెదురుతోందా, ఉరుకుతోందా? లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి మందు

ట్రాక్ నుంచి వచ్చిన గుర్రం కాస్త ఎగిరిపడగానే "వేడి రక్తం, దాని తీరే అంత" అనేస్తారు. అలా అనేస్తే ఇక వెతకడానికేమీ మిగలదు. వెతకాల్సిన వరస ఇది: ముందు నొప్పి, తర్వాత మేతా లాయంలో కట్టడీ, ఆ తర్వాత పాత శిక్షణ. ఈ మూడూ చూశాక కూడా మిగిలితే, దాన్ని స్వభావం అనుకోవచ్చు.

థరోబ్రెడ్‌ది చురుకైన జాతి, కాదనలేం. అయితే ఉలికిపడటం వేరు, ఉలికిపడ్డాక తేరుకోలేకపోవడం వేరు. ఎంత ఎత్తు ఎగిరిందన్నది పక్కన పెట్టి, ఎంతసేపటికి తల దించి ముక్కుతో గట్టిగా గాలి వదిలిందో పుస్తకంలో రాసుకోండి. అర నిమిషంలో తేరుకునే గుర్రంతో పని సాగుతుంది. పావుగంటైనా మెడ బిగించే ఉంటే కింది కారణాల్లో ఏదో ఒకటి ఉన్నట్టే.

జీను చూడగానే చెవులు వెనక్కి, పట్టీ బిగిస్తే కొరకబోవడం

దీన్ని పొగరు అనుకుని చెంప మీద కొట్టేవాళ్లున్నారు. మొదట అనుమానించాల్సింది కడుపు పుండ్లు. గుర్రం తిన్నా తినకపోయినా కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. దాన్ని విరిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. రేసు శిక్షణలో దాణా ఎక్కువ, గడ్డి తక్కువ, రోజులో చాలా భాగం లాయంలోనే. పైగా ఖాళీ కడుపుతో పరిగెత్తినప్పుడు ఆమ్లం పైకి చిమ్మి, రక్షణ పొర లేని భాగాన్ని కాలుస్తుంది. అందుకే శిక్షణలో ఉన్న రేసు గుర్రాల్లో ఎక్కువ వాటికి ఈ పుండ్లు ఉంటాయి.

పుండ్లున్నాయో లేదో ఖాయంగా చెప్పేది ఎండోస్కోపీ ఒక్కటే. ఉంటే డాక్టరు సాధారణంగా ఒమెప్రజోల్ కిలో బరువుకు 4 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకోసారి, 28 రోజులు రాస్తారు. అంటే 500 కిలోల గుర్రానికి 2 గ్రాములు. పొద్దున్నే ఖాళీ కడుపున ఇచ్చి, అరగంట నుంచి గంట ఆగి మేత వేస్తే బాగా పడుతుంది. మందు వాడుతూ మేత మార్చకపోతే పుండ్లు మళ్లీ వస్తాయి. గడ్డి ఎండు లెక్కన శరీర బరువులో 1.5 నుంచి 2 శాతం ఉండాలి, అంటే 500 కిలోల గుర్రానికి రోజుకు 7.5 నుంచి 10 కిలోలు. నోరు ఖాళీగా నాలుగైదు గంటలు దాటకూడదు. సన్న కన్నాల వలలో పెడితే అదే గడ్డి ఎక్కువసేపు వస్తుంది. ఎక్కబోయే అరగంట ముందు రెండు మూడు దోసిళ్ల లూసర్న్ గడ్డి ముక్కలు తినిపిస్తే అవి కడుపులో తెప్పలా తేలి ఆమ్లం ఎగజిమ్మకుండా ఆపుతాయి. ఓట్స్ లాంటి గింజ దాణాను ఒక్కసారి మానేయకండి. 10 నుంచి 14 రోజులు తీసుకుని మెల్లగా తగ్గించండి.

కడుపు బాగుందని తేలితే వీపు చూడాలి. వెన్నెముకకు రెండు పక్కలా, నాలుగు వేళ్ల దూరంలో, భుజాల ఎత్తు నుంచి నడుము దాకా వేళ్లతో ఒకే బరువుతో నొక్కుకుంటూ వెళ్లండి. ఒక చోట చర్మం అదిరితే అది ఈగను తోలుకోవడమే కావచ్చు. అదే చోట ప్రతిసారీ వీపు కిందికి జారుతున్నా, తోక విసురుతున్నా ఎక్స్‌రే తీయించాలి. వెన్నుపూసల పై ముళ్లు ఒకదానికొకటి రాసుకోవడం ఈ జాతిలో తరచూ కనిపించేదే. జీను సంగతి కూడా ఉంది. పరుగు కండరం కరిగి వేరే కండరం పట్టేకొద్దీ వీపు ఆకారం మారుతుంది. మొదటి ఏడాది రెండు మూడు నెలలకోసారి జీను సరిచూడండి. పట్టీని ఒక్క గుంజులో కాకుండా మూడు నాలుగు విడతల్లో, మధ్యలో నాలుగడుగులు నడిపిస్తూ బిగించండి.

పగ్గం లాగితే ఇంకా వేగం

ఇది మొండితనం కాదు, నేర్పిన పాఠం. జాకీ రెండు పగ్గాలనూ ఒకదాని మీద ఒకటి మడిచి గట్టిగా పట్టుకుంటాడు, గుర్రం ఆ బిగువు మీద వాలి పరిగెత్తుతుంది. దాని లెక్కలో బిగువంటే "పద" అని. మీరు ఆపుదామని గుంజితే అది తనకు తెలిసిన జవాబే ఇస్తుంది. ఇంకా కఠినమైన కళ్లెం వేస్తే నొప్పి కూడా తోడై తల పైకెత్తి పరిగెడుతుంది.

ముందు పళ్లు చూపించండి, నోట్లో పుండు ఉంటే ఏ పాఠమూ ఎక్కదు. తర్వాత మీరు నేల మీద ఉండి మొదలుపెట్టండి. మెత్తగా పగ్గం బిగించి ఆగండి. గుర్రం భుజం బరువు ఒక్క పిసరు వెనక్కి పడగానే వేళ్లు తెరవండి. మొత్తం విద్య ఆ వేళ్లు తెరవడంలోనే ఉంది. గుర్రం ఆగేది మీరు పట్టినందుకు కాదు, ఆగగానే వదిలేస్తారని తెలిసినందుకు. ఒక సెకను ఆలస్యమైతే, ఆ సెకనులో అది చేసిన పని, తల విసరడమో, పక్కకి జరగడమో, బహుమతి అందుకున్నట్టు అవుతుంది. నేల మీద కుదిరాక నడకలో, తర్వాత ట్రాట్‌లో (నెమ్మది పరుగులో) 20 మీటర్ల వలయం మీద చేయండి. విడతకు 15, 20 నిమిషాలు చాలు. ట్రాక్ మీద ఒకే దిశలో తిరిగి తిరిగి వచ్చిన గుర్రం రెండో వైపు బిరుసుగా ఉంటుంది. అటువైపు వలయం పెద్దదిగా ఉంచండి.

ఉరికేస్తే రెండు పగ్గాలూ కలిపి గుంజకండి. పట్టి వదులుతూ, వలయం మీదికి తిప్పి, వలయాన్ని మెల్లగా చిన్నది చేయండి. పూర్తి వేగంలో ఒక్కసారిగా తల తిప్పితే గుర్రం కాళ్లు తడబడి మీతో సహా పడుతుంది.

ఎక్కుతుంటే నిలబడదు, కాలు తగిలితే ఎగురుతుంది

జాకీని కింద ఒకరు మోకాలు పట్టి పైకి ఎత్తుతారు, చాలాసార్లు గుర్రం నడుస్తుండగానే. ఎక్కే దిమ్మను అది చూసి ఉండకపోవచ్చు. దిమ్మ పక్కన నిలబెట్టడం, జీను మీద చెయ్యి వేయడం, రికాబులో సగం బరువు వేసి దిగిపోవడం: ఇవి వేర్వేరు రోజుల పాఠాలు. కదిలితే కొట్టకండి, మళ్లీ అదే చోటికి తెచ్చి నిలబెట్టండి.

కాళ్ల సంగతీ ఇంతే. జాకీ రికాబులు పొట్టివి, అతని పిక్కలు గుర్రం పక్కలకు పెద్దగా తగలవు. పొడవాటి కాలు వచ్చి డొక్కను తాకితే అదేమిటో దానికి తెలియదు. కాలును దూరంగా ఎత్తి పట్టుకుని, అవసరమైనప్పుడు ఒక్కసారి తగిలించారనుకోండి, ఉరుకుతుంది. మొదటి నుంచీ మెత్తగా ఆనించే ఉంచితే వారం పది రోజుల్లో అలవాటుపడుతుంది.

మూల కనబడితే బెదురు, చీకటి గుమ్మం దగ్గర ఆగిపోవడం

గుర్రం కళ్లు పక్కలకు ఉంటాయి. చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది గానీ నుదుటి ముందు కాస్త, తోక వెనక కాస్త కనబడదు. ఎండలోంచి చీకట్లోకి వస్తే కళ్లు సర్దుకోవడానికి మనకన్నా ఎక్కువసేపు పడుతుంది. తల ఎత్తేది చూసుకోవడానికి. ఆ సమయంలో పగ్గం కురచ చేసి తల దించబోతే చూపు కట్టేసినట్టే.

ఏ దూరంలో చెవులు ముందుకు నిక్కి అడుగు పొట్టిదవుతుందో గుర్తుపట్టి, దానికి రెండు గజాలు ఇవతలే ఆపండి. చూడనివ్వండి. పెదవులు వదులైతే, నాలుక ఆడిస్తే, అదుపులో ఉన్నప్పుడే వెనక్కి తిప్పేయండి. రేపు ఇంకొంచెం దగ్గరికి వెళ్లండి. అదే వస్తువును ఎడమ కంటికీ కుడి కంటికీ విడివిడిగా చూపించాలి. ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చేవాటికే బెదిరితే కన్ను పరీక్ష చేయించండి.

ఒంటరిగా తీసుకెళ్తే సకిలింపు, చెమట

రేసు గుర్రాలు పొద్దున్నే వరసగా, గుంపుగా పనికి వెళ్తాయి. ఒంటరితనం దానికి నేర్పని పాఠం. తోడు గుర్రం కనబడే దూరంలో పది అడుగులు, తిరిగి రావడం. మర్నాడు ఇరవై. సకిలించేదాకా ఉంచి తీసుకొస్తే సకిలిస్తేనే వెనక్కి తెస్తారని నేర్చుకుంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పని మొదలై కొద్ది నిమిషాలకే విపరీతమైన చెమట, వెనక కాళ్లు బిగుసుకుపోవడం, తుంటి కండరాలు రాయిలా గట్టిపడటం, మూత్రం ముదురు రంగు: ఇవి బెదురు లక్షణాలు కావు, కండరాలు దెబ్బతింటున్నాయి. ఆందోళన పడే ఆడ థరోబ్రెడ్లలో, దాణా ఎక్కువ పడ్డవాటిలో ఎక్కువ. నడిపించి లాయానికి తేవద్దు. ఉన్నచోటే నిలబెట్టి డాక్టరును పిలవండి. సెలవు రోజున గింజ దాణా తగ్గించడం దీనికి ముందు జాగ్రత్త.

లాయంలో ఊగడం, చెక్క పట్టి గాలి లాగడం

మెడకు పట్టీ కట్టడం చాలామంది చేసే పని. నాకైతే అది నచ్చదు: పని ఆగుతుంది, కారణం ఆగదు. గడ్డి ఎడతెరిపి లేకుండా, రోజులో ఎక్కువసేపు బయట, పక్కన ఇంకో గుర్రం. పాత అలవాటు పూర్తిగా పోకపోవచ్చు. మిగతా గుర్రాలకు అంటుతుందని దాన్ని దూరంగా కట్టేస్తే ఇంకా పెరుగుతుంది.

మొదటి నెల మెతక, రెండో నెల తలనొప్పి

దీనికే కొత్త యజమానులు ఎక్కువ కంగారుపడతారు. వచ్చిన కొత్తలో అలసట, అయోమయం, నాడాలు తీసేస్తే పలచని అరికాళ్లలో నొప్పి, ఇవన్నీ గుర్రాన్ని అణచి ఉంచుతాయి. ఒళ్లు పట్టాక, డెక్కలు గట్టిపడ్డాక అసలు గుర్రం బయటపడుతుంది. కొన్ని వారాలు మైదానంలో వదిలి, ఎక్కడం ఆపి, నేల మీది పాఠాలతో మొదలుపెట్టిన గుర్రాల్లో ఈ మార్పు అంత మొరటుగా ఉండదు. వచ్చేసినా పని గంటలు పెంచకండి. అలసిపోతే నెమ్మదిస్తుందని రోజూ గంటన్నర తిప్పితే రెండు నెలల్లో మీ చేతిలో మళ్లీ పూర్తి ఫిట్‌నెస్‌తో ఉన్న రేసు గుర్రం ఉంటుంది. గింజ దాణా చూడండి, బయట గడిపే గంటలు చూడండి, పుస్తకంలో రాసుకున్న తేరుకునే సమయాలు వెనక్కి తిప్పి చూడండి. అవి తగ్గుతూ వస్తున్నాయంటే, ఎన్నిసార్లు ఎగిరినా దారి సరైనదే.