బిల్డ్‌రూట్ వెర్షన్ మార్చే ముందు జాగ్రత్తలు

బిల్డ్‌రూట్ అంటే ఎంబెడెడ్ బోర్డులకు లైనక్స్ ఇమేజ్ తయారుచేసే టూల్. ముందుగా ఇప్పుడున్న కాన్ఫిగ్‌ను (సెట్టింగ్‌లను) 'మేక్ సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్'తో దాచి గిట్‌లో కమిట్ చేయండి. కెర్నల్, బిజీబాక్స్ (చిన్న లైనక్స్ కమాండ్ల కట్ట), యూ-బూట్ (బోర్డును స్టార్ట్ చేసే బూట్‌లోడర్) కాన్ఫిగ్‌లలో మీరు చేసిన మార్పులు ఇందులోకి రావు. 'లైనక్స్-మెనూకాన్ఫిగ్' (కెర్నల్ సెట్టింగ్‌ల మెనూ)లో మార్చినవి బిల్డ్ డైరెక్టరీలోనే ఉంటాయి. వాటిని దాచే 'లైనక్స్-అప్‌డేట్-డెఫ్‌కాన్ఫిగ్' కమాండ్ కొట్టకుండా 'మేక్ క్లీన్' చేస్తే అంతా పోయినట్టే. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

'మేక్ సోర్స్'తో టార్‌బాల్స్ (ప్యాకేజీల సోర్స్ కోడ్ ఫైళ్లు) అన్నీ దించుకుని డీఎల్ (డౌన్‌లోడ్) ఫోల్డర్‌కు కాపీ ఉంచండి. పాత ఫర్మ్‌వేర్ మళ్లీ బిల్డ్ చేయాల్సి వచ్చే రోజుకు అవి అసలు సర్వర్‌లో ఉంటాయన్న నమ్మకం లేదు.

కొత్త వెర్షన్‌ను తప్పనిసరిగా ఖాళీ అవుట్‌పుట్ డైరెక్టరీలోనే బిల్డ్ చేయండి. కాన్ఫిగ్ మారితే ఏ ప్యాకేజీని మళ్లీ కంపైల్ చేయాలో బిల్డ్‌రూట్ తనంతట తాను కనిపెట్టదు. తీసేసిన ప్యాకేజీ ఫైళ్లు కూడా టార్గెట్ డైరెక్టరీలో అలాగే మిగిలిపోతాయి. టూల్‌చైన్ (కంపైలర్, లైబ్రరీల సెట్) కూడా మారితే బిల్డ్ సాఫీగా ముగిసినట్టే కనిపించి, బోర్డు మీద ప్రోగ్రామ్ కూలిపోవచ్చు. గంట ఎక్కువ పట్టినా పూర్తి బిల్డే మేలు.

మెనూకాన్ఫిగ్‌లో లెగసీ ఆప్షన్లను (కొత్త వెర్షన్‌లో తీసేసినవి, పేరు మారినవి) ఒక్కొక్కటిగా తేల్చండి. రూట్ యూజర్‌గా బిల్డ్ చేయొద్దు.

ఫ్లాష్ చేసేముందు ఇమేజ్ సైజును పార్టిషన్ సైజుతో పోల్చండి, సీరియల్ కేబుల్ తగిలించి యూ-బూట్ ప్రాంప్ట్ వస్తోందో లేదో చూసుకోండి.