ఎండలు ముదరక ముందే కాంపౌండ్ బో ట్యూనింగ్: కొన్ని జాగ్రత్తలు

మా పర్లాకిమిడి, గుణుపురం వైపు విల్లు కొత్తేమీ కాదు. కానీ వెదురు విల్లుకి నారి దించేస్తే అది ఉత్త బద్ద, పిల్లాడి చేతికిచ్చినా భయం లేదు. కాంపౌండ్ బో, అంటే చివర్లలో చక్రాలు (కామ్‌లు), వాటికి కేబుళ్లు ఉండే ఆధునిక విల్లు, అలా కాదు. గోడకి తగిలించినా, సంచిలో పడుకోబెట్టినా దాని లింబులు (పైనా కిందా వంగే బద్దలు) వంగే ఉంటాయి, కేబుళ్లు బిగిసే ఉంటాయి. ట్యూనింగ్, అంటే బాణం తిన్నగా పోయేలా బోని సరిచేయడం, ఆ బిగువు మీద చెయ్యి వేయడమే. పరీక్షలయ్యాక కుర్రాళ్లంతా ఒక్కసారిగా బోలు బయటికి తీస్తారు, అందుకే ఇప్పుడే చెబుతున్నా.

రెంచి పట్టుకునే ముందు దూది పట్టుకోండి. లింబుల అంచుల వెంట, స్ట్రింగు (నారి) పొడవునా మెల్లగా నిమరండి. చీలిక ఉన్నచోట, పోగు తెగినచోట దూది చిక్కుకుంటుంది. చిక్కుకుందంటే ఆ బోని ఇక లాగకండి. కార్బన్ బాణాలను ముఖానికి దూరంగా పట్టుకుని కాస్త వంచి, తిప్పుతూ చూడండి. చిటపట వినిపిస్తే విరిచి పారేయండి. పగిలిన బాణం వదిలే క్షణంలో ముక్కలై అరచేతిలో దిగుతుంది. మరీ తేలిక బాణమూ వద్దు. బో లాగుడు బరువులో ప్రతి పౌండుకి బాణం బరువు 5 గ్రెయిన్లు అన్నది చాలా కంపెనీలు చెప్పే కనీస లెక్క. 60 పౌండ్ల బోకి 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైచిలుకు.

బాణం లేకుండా వదలడం, అదే డ్రై ఫైర్, అన్నిటికంటే చెడ్డది. బాణం మోసుకుపోవాల్సిన బలమంతా లింబుల్లోకే తిరిగొస్తుంది. పండక్కి వచ్చిన బావమరిది ‘ఓసారి లాగి చూస్తా బావా’ అంటాడు చూడండి, అక్కడే జరుగుతుంది. మొహమాటపడకండి.

పౌండ్లు తగ్గించాలంటే లింబు బోల్టులు పైదీ కిందదీ సమంగా, అరచుట్టు చొప్పున వదులు చేయాలి. ముందు పూర్తిగా బిగించి, అక్కడినుంచి చుట్లు లెక్కపెట్టండి. ఎన్ని చుట్ల వరకు వదలొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, అది దాటితే లింబు ఊడి ఎగురుతుంది. స్ట్రింగు మార్చాలన్నా, కేబుల్‌కి మెలి వేయాలన్నా బో ప్రెస్ (లింబుల్ని వంచి పట్టి బిగువు దించే యంత్రం) ఉన్నచోటికే వెళ్లాలి. వీడియో చూసి తాడు కట్టి లాగే తెలివితేటలు వద్దు.

పేపర్ ట్యూనింగ్‌కి, అంటే కాగితంలోంచి బాణం వేసి చిరుగు చూసి సరిచేయడానికి, కాగితం వెనక గట్టి బట్ (బాణం ఆగే దిమ్మ) ఉండాలి, గోనెసంచి కాదు. రెండు మీటర్ల దూరం చాలు. ఈకల చిరుగు మొన రంధ్రానికి పైన ఉంటే రెస్ట్ (బాణం ఆనే చోటు) కాస్త పైకి జరపండి, లేదా నాక్ పాయింట్ (స్ట్రింగు మీద బాణం తగిలించే చోటు) కిందికి. పక్కకి చిరిగితే నేనైతే రెస్ట్ ముట్టుకోను, ముందు పట్టు చూస్తాను. గ్రిప్‌ని పిడికిలితో బిగిస్తే ఏ బో అయినా పక్కకే చింపుతుంది. జరిపే ముందు పాతచోటు మార్కర్‌తో గీయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి.

లాగేటప్పుడు బాణం బట్‌నే చూడాలి, ఆకాశాన్ని కాదు. 80 శాతం లెట్‌ఆఫ్ (పూర్తిగా లాగాక తగ్గే బరువు) ఉన్న 60 పౌండ్ల బో చివర్లో 12 పౌండ్లే అనిపిస్తుంది. వదలకుండా దింపబోతే ఆ 60 పౌండ్ల బరువంతా ఒక్కసారిగా గుంజుతుంది. వేలు ట్రిగ్గర్ (స్ట్రింగుని వదిలే మీట) వెనక్కి తీశాకే దింపండి.

ఎండలో ఆగిన కారులో బో వదలకండి. వేడికి స్ట్రింగు సాగుతుంది, పీప్ (స్ట్రింగులో గురి చూసే రంధ్రం) తిరుగుతుంది, కామ్‌ల టైమింగ్ తప్పుతుంది. లింబుల పొరలు విడిపోయినా ఆశ్చర్యం లేదు.

పేరుకి ‘హంటింగ్ బో’ అయినా మనకది గురి ఆటకే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, చైత్ర పర్వం (చైత్రంలో వేటకి వెళ్లే పండగ) పేరు చెప్పినా నేరమే. పోటీకి వెళ్లేవాళ్లు 60 పౌండ్లు దాటించకండి, దూరం 50 మీటర్లు. చైత్రంలో అడవిదారుల్లో ఫారెస్టు వాళ్లు ఆపితే చూపించేలా బో కేసులో, బాణాలు వేరే డబ్బాలో ఉంచండి. బ్రాడ్‌హెడ్లు (వేటకి వాడే బ్లేడు మొనలు) అసలు తేకండి.