ఎమర్జెన్సీ పాఠాలు – 7: డీ-డైమర్ పంపే ముందు

ఈసారి ఆస్తమా మొదలుపెట్టాలి. గత అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడటాన్ని, అంటే పల్మనరీ ఎంబాలిజాన్ని, అనుమానించాల్సిన ఆ కేసు మళ్లీ చూద్దాం. డీ-డైమర్ అంటే గడ్డ ఆనవాళ్లు వెతికే రక్తపరీక్ష. 34 ఏళ్ల మహిళ, ఈస్ట్రోజెన్ మాత్రలు వాడుతోంది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీలో పోటు. ఎడమ పిక్క వాచింది, నొక్కితే నొప్పి. పల్స్ 112, బీపీ బాగానే ఉంది. మీలో చాలామంది "డీ-డైమర్ పంపుతాం, నార్మల్ వస్తే ఇంటికి పంపిస్తాం" అని రాశారు. ఈమె విషయంలో అది ప్రమాదకరమైన జవాబు.

ముందు వెల్స్ స్కోరు (లక్షణాలను బట్టి ఈ జబ్బు అవకాశాన్ని అంచనా వేసే లెక్క) వేయండి. కాలి లక్షణాలకు 3, పల్స్ 100 దాటినందుకు 1.5. అక్కడికే 4.5. నాలుగు దాటితే పల్మనరీ ఎంబాలిజం ఉండే అవకాశం ఎక్కువని లెక్క, నేరుగా ఊపిరితిత్తుల రక్తనాళాల స్కాన్ అయిన సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్‌కి పంపాలి. రక్తస్రావం భయం లేకపోతే, సీటీ ఆలస్యమయ్యేలా ఉంటే హెపారిన్ (గడ్డ పెరగకుండా ఆపే మందు) ముందే మొదలుపెట్టాలి. బీపీ పడిపోయిన రోగి దారి వేరు: బెడ్‌సైడ్ ఎకో, గడ్డ కరిగించే మందు. దాని గురించి విడిగా చెప్తాను.

"రిపోర్టు నార్మల్ అయితే జబ్బు లేనట్టే కదా?" అన్నదే మీ అసలు సందేహం. కాదు. ఎందుకో అంకెల్లో చూడండి. లెక్క కోసం, పరీక్ష సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో పాజిటివ్ వచ్చేవాళ్లు) 95 శాతం, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో నెగటివ్ వచ్చేవాళ్లు) 40 శాతం అనుకుందాం. మీ అనుమానం 10 శాతం ఉన్న రోగులు 1000 మంది. వాళ్లలో 100 మందికి గడ్డ ఉంటుంది, పరీక్ష ఐదుగురిని వదిలేస్తుంది. గడ్డ లేని 900 మందిలో 360 మందికి నెగటివ్ వస్తుంది. అంటే నెగటివ్ వచ్చిన 365 మందిలో ఐదుగురికి జబ్బు ఉంది, ఒకటిన్నర శాతం లోపే. ఇప్పుడు అనుమానం 50 శాతం ఉన్న 1000 మందిని తీసుకోండి. జబ్బున్న 500 మందిలో 25 మంది తప్పిపోతారు, జబ్బు లేని 500 మందిలో 200 మందికి నెగటివ్. ఈసారి నెగటివ్ 225, అందులో 25 మందికి జబ్బు ఉంది. 11 శాతం! అదే పరీక్ష, అదే రిపోర్టు. మారింది మీరు పరీక్ష పంపకముందు ఉన్న అనుమానం ఒక్కటే. అందుకే ఆ అంకె ముందే వేసుకోవాలి. రిపోర్టు చూశాక వేసే అంకె రిపోర్టు వైపే ఒరుగుతుంది.

పెర్క్ (ఎనిమిది అంశాలూ సరిపోతే దాటినట్టు, డీ-డైమర్ కూడా అక్కర్లేదని చెప్పే నియమం) విషయంలోనూ ఇదే పొరపాటు చేస్తున్నారు. ఎనిమిది అంశాలూ మీకు వచ్చు, మళ్లీ రాయను. కానీ మీ అనుమానం 15 శాతం లోపు ఉన్నప్పుడే పెర్క్ వాడాలి. ఆ మెట్టు ఎక్కకుండా నేరుగా ఎనిమిది టిక్కులు పెట్టేస్తున్నారు. ఇంకొకటి: పెర్క్‌లో పల్స్ 100 లోపు ఉండాలి కదా, నొప్పి మందు ఇచ్చాక అది 104 నుంచి 92కి దిగితే ఆ 92ని లెక్కలోకి తీసుకోవద్దు. నేనైతే వచ్చినప్పటి పల్సే రాసుకుంటాను.

డీ-డైమర్‌ను ఎఫ్‌ఈయూ, డీడీయూ అనే రెండు యూనిట్లలో ఇస్తారు, ఏదో చూడటం మరవకండి. నార్మల్‌కి హద్దు అయిన 500 (నానోగ్రామ్/మి.లీ.) కటాఫ్ ఎఫ్‌ఈయూలో. మీ ల్యాబ్ డీడీయూలో ఇస్తే సుమారు 250. 50 దాటినవాళ్లకు ఎఫ్‌ఈయూలో వయసును పదితో గుణించిన అంకె కటాఫ్.

అభ్యాసం. ఇద్దరికీ అనుమానం తక్కువే, ఇద్దరూ పెర్క్ దాటలేదు. ఒకరికి 62 ఏళ్లు, డీ-డైమర్ 580 ఎఫ్‌ఈయూ. మరొకరికి 45 ఏళ్లు, 300 డీడీయూ. సీటీ ఎవరికి, ఎందుకు? అది రాశాక అసలు పని ఉంది. ఈ నెలంతా ఛాతీ నొప్పితోనో ఆయాసంతోనో వచ్చిన ప్రతి రోగికీ, ఏ రిపోర్టూ రాకముందే, పల్మనరీ ఎంబాలిజం ఎంత శాతం అనుకుంటున్నారో కేసు షీటు పక్కన రాయండి. చివరి డయాగ్నోసిస్ తేలాక పక్కపక్కన పెట్టి నాకు పంపండి. ఖాళీలు వదిలిన పట్టిక నేను చూడను.