డ్యూయల్ బూట్ పీసీలో కొత్త వైఫై కార్డు: ఒకదాంట్లో వస్తుంది, ఇంకోదాంట్లో రాదు

ఒకే పీసీలో విండోస్, ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) రెండూ పెట్టుకున్నాక కొత్త వైఫై కార్డు మొరాయిస్తే, కేస్ విప్పకముందే ఒక పని చేయండి. విండోస్‌లో డివైస్ మేనేజర్ చూడండి, ఉబుంటులో టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ (lspci, పీసీలో ఉన్న కార్డుల జాబితా చూపే కమాండ్) కొట్టండి. రెండింట్లోనూ కార్డు జాడే లేకపోతే తప్పు హార్డ్‌వేర్‌ది, ఒకదాంట్లో నడిచి ఇంకోదాంట్లో మొరాయిస్తుంటే డ్రైవర్‌దో సెట్టింగ్‌దో. రెండు ఓఎస్‌లతో పడే పాట్లకి ఇదొక్కటే లాభం.

సమస్య: రెండింట్లోనూ కనపడట్లేదు

చాలాసార్లు తప్పు కొనడంలోనే జరుగుతుంది. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్210 మామూలు పీసీఐఈ (బోర్డుకి కార్డుల్ని కలిపే స్టాండర్డ్ కనెక్షన్) కార్డులు, ఏఎండీ బోర్డు మీద కూడా నడుస్తాయి. ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం సీఎన్‌వీఐ రకం, వాటి పనిలో కొంత భాగం ఇంటెల్ చిప్‌సెట్ లోపలే జరుగుతుంది, కాబట్టి ఏఎండీ రైజెన్ బోర్డులో పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. ఒక్క అంకె తేడా అంతే! దానికి రిపేరు లేదు, వాపస్ ఇచ్చేసి 200 గానీ 210 గానీ తెచ్చుకోండి. కార్డు సరైనదే అయితే పవర్ తీసేసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి, బోర్డు మాన్యువల్ కూడా తిరగేయండి, కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెడితే ఒక పీసీఐఈ స్లాట్ ఆగిపోతుంది.

సమస్య: విండోస్‌లో బ్రహ్మాండం, ఉబుంటులో సున్నా

నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వంది ఇదే. కార్డు మంచిది, కెర్నల్ (ఓఎస్‌కి గుండెకాయలాంటి భాగం) కొత్తది, అయినా ఒకరోజు వస్తుంది ఒకరోజు రాదు. చివరికి తేలిందేంటంటే విండోస్ ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నల్‌ని డిస్క్‌లో దాచుకుని సగం నిద్రలోకి పోతుంది, కార్డుని కూడా అదే మత్తులో వదిలేస్తుంది, తర్వాత లైనక్స్ వచ్చి లేపితే అది లేవదు. విండోస్‌లో రీస్టార్ట్ కొట్టి ఉబుంటులోకి వెళ్తే వైఫై వచ్చి, షట్‌డౌన్ చేసి వెళ్తే రాకపోతే దొంగ దొరికినట్టే. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కెళ్లి ఫాస్ట్ స్టార్టప్ పక్కనున్న టిక్ తీసేయండి, ఆపేశాక ప్లగ్ పీకి ఒక నిమిషం ఆగి ఆన్ చేయండి.

ఎప్పుడూ రాకపోతే కెర్నల్ పాతదేమో చూడండి. ఏఎక్స్200కి కనీసం 5.1, ఏఎక్స్210కి కనీసం 5.10 (ఇది 5.4 కంటే కొత్తది) కావాలి, ఉబుంటు 20.04 మొదట 5.4తో వచ్చింది, అందుకే దాంట్లో 210 రాదు. నెట్టే లేనప్పుడు అప్‌డేట్ ఎలా అంటారా, ఫోన్‌ని కేబుల్‌తో పీసీకి కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని పీసీకి ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేయండి.

సమస్య: వైఫై ఓకే, బ్లూటూత్ లేదు

డబ్బాలో ఒక చిన్న కేబుల్ మిగిలిపోయి ఉంటుంది చూడండి. వైఫై పీసీఐఈ మీద నడిచినా బ్లూటూత్‌కి యూఎస్‌బీ కావాలి, ఆ కేబుల్‌ని బోర్డు మీది 9 పిన్నుల యూఎస్‌బీ 2.0 హెడర్‌కి గుచ్చండి.

ఇక హెడ్‌సెట్‌ని ఓఎస్ మారిన ప్రతిసారీ మళ్లీ పెయిర్ చేయాల్సి వస్తే కార్డుని తిట్టకండి. రెండు ఓఎస్‌లకీ బ్లూటూత్ అడ్రస్ ఒకటే, తాళంచెవులు (పెయిర్ చేసినప్పుడు పుట్టే రహస్య కీలు) వేరు, హెడ్‌సెట్ దగ్గర చివరిది మాత్రమే ఉంటుంది. విండోస్ రిజిస్ట్రీలోని కీని లైనక్స్‌లో కాపీ చేస్తే ఈ బాధ పోతుంది గానీ నాకంత ఓపిక లేక వైరు ఇయర్‌ఫోన్స్ వాడుతున్నా.